సొరబుర్ర

మా సాంచెల పేటలో పుట్టినవారికి నీళ్లంటే కుళాయి, లేదా బావి. చిన్నప్పుడు మామయ్య ఎండిన సొరబుర్ర మా నడుముకు కట్టి బావిలోకి దింపేవాడు. అందులోని గాలే మమ్మల్ని తేల్చేది.

మన షోలాపూరు కుళాయిలకు నీళ్లిచ్చే ఉజనీ జలాశయంలోనే 2024 మే 21న కుగావ్ నుంచి కళాశి వెళ్తున్న పడవ ఈదురుగాలికి తిరగబడింది. ఆరుగురు పోయారు. ఒక్కరు మాత్రం ఈది ఒడ్డు చేరారు.

ఆ బుర్ర ఉపాయమే పడవకూ పనికివస్తుంది. బల్లల కింద మూత బిగించిన ఖాళీ డబ్బాలు చాలినన్ని గట్టిగా కట్టివుంటే బోల్తాపడ్డా పడవ అడుక్కు పోదు, పట్టుకు వేలాడవచ్చు. ఒడ్డు దగ్గరే అనిపించినా దాన్ని వదలరాదు.

ఆ చలికాలం ఫ్లెమింగోలను చూద్దామని ఇంటిల్లిపాదీ అక్కడికే వెళ్లాము. లైఫ్ జాకెట్టు వేస్తే పట్టుచీర నలుగుతుందని మా ఆవిడ గునిసింది. పట్టీలు బిగించుకొనేదాకా మేము పడవ కదలనివ్వలేదు.