ఒక్క చోటు, ఇద్దరు ఆటగాళ్లు

మా గుంటూరు, ప్రకాశం పల్లెలలో ఏప్రిల్ అంటే మిరప కల్లాల కాలము. 2019లో ఆ కల్లాల దగ్గర మిర్చి ధరతో పాటు మరొక మాట నడిచినది. ప్రపంచకప్పు క్రికెట్ జట్టులో నాలుగో స్థానము అంబటి రాయుడికా, విజయ్ శంకర్‌కా? రాయుడు గుంటూరులో పుట్టినవాడు. ఏప్రిల్ 15న జట్టును ప్రకటించిన ఎంపిక సంఘ అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ గారిదీ గుంటూరు జిల్లాయే. అందుచేత అది మాకు ఇంటి తగవే అయినది. అన్నదమ్ములు ఒకే మంచము మీద కూర్చుండి ఎడమొగము పెడమొగమైరి.

రెండు పక్షములకూ ఆధారమున్నది. రాయుడు అనుభవజ్ఞుడే గాని, మార్చిలో ఆస్ట్రేలియాపై మూడు మ్యాచ్‌లలోనూ తక్కువకే అవుటయ్యాడు. శంకర్ నాగపూర్‌లో 46 పరుగులు చేసి, చివరి ఓవర్లో రెండు వికెట్లు తీసి గెలిపించాడు. బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడూ తెలిసినవాడని ప్రసాద్ గారు శంకర్‌ను సమర్థించారు. ఆట చూడడానికి త్రీడీ కళ్లద్దాలు తెప్పించుకున్నానని రాయుడు ఎత్తిపొడిచాడు. మా కుర్రవాళ్లు నవ్వారు. ఆ నవ్వు వెనుకనున్న నొప్పిని పెద్దలు గ్రహించారు.

తరువాత ఏమైనది? శంకర్ జూన్ 16న పాకిస్తాన్‌పై తన మొదటి బంతికే వికెట్టు తీశాడు. కాలి వేలి గాయముతో మధ్యలోనే తిరిగి వచ్చాడు. ఆ చోటుకు మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జూలై 3న రాయుడు ఆట మానుకుంటున్నట్టు ప్రకటించాడు. ఆగస్టులో ఆ మాట వెనుకకు తీసుకున్నాడు. జూలై 10న మాంచెస్టర్ సెమీఫైనల్లో మన జట్టు న్యూజిలాండ్ చేతిలో 18 పరుగులతో ఓడినది. రాయుడుంటే గెలిచేవాళ్లమని కొందరన్నారు. అది ఎవరు చెప్పగలరు?

అయితే వాదించినవారు మరచిన సంగతి ఒకటున్నది. అదే ఏడు ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో మన జట్టు 18 పరుగులకే నాలుగు వికెట్లు పోగొట్టుకున్నది. అప్పుడు నిలబడినవారు ఈ ఇద్దరే. కలిసి 98 పరుగులు జోడించారు. రాయుడు 90, శంకర్ 45. ఆట గెలిచాము. మనము పోటీకి నిలిపినవారు ఒకరికొకరు తోడై జట్టును నిలిపినవారే.

మన ఇండ్లలోనూ ఇటువంటి ఎంపిక తప్పదు. పత్తి పంట సగమే చేతికి వచ్చిన ఏట ఇద్దరు బిడ్డలలో ఒకరికే కాలేజీ ఫీజు కట్టగలము. రెండవవారు చేనికి వెళ్లవలెను. ఎవరిని పంపాలో పెద్దలే తేల్చవలెను. కాని ఆగిపోయిన బిడ్డను దగ్గర కూర్చుండబెట్టుకొని కారణము చెప్పుదుమా? వెళ్లినవాని గొప్ప వీని ముందు పదే పదే చెప్పకుందుమా? మరుసటి ఏట చేతికి డబ్బు వచ్చినప్పుడు, ముందుగా వీని పేరే తలతుమా? చేనికి పోయిన బిడ్డ ఇవన్నీ చూస్తూనే ఉంటాడు.