పెద్ద పుస్తకంలో చిన్న పుస్తకం

మా తాతగారికి చెన్నపట్నంలో కొత్తవాల్ చావడి దగ్గర పప్పుల కొట్టు ఉండేది. చిట్టా, ఆవర్జా ఆయనే వ్రాసుకునేవారు. ఆవర్జాలో కొన్నిచోట్ల లెక్క ఉండదు. "చిన్న పుస్తకం, 12వ పుట చూడుము" అని మాత్రం ఉంటుంది. ఆ చిన్న పుస్తకం పోతే పెద్దది ఎంత భద్రంగా ఉండి యేమి ప్రయోజనం? ఇది నాకు చిన్ననాడే బోధపడవలసింది. నలభై అయిదేళ్లు దాటాక కంప్యూటరు ముందు కూర్చుని నేర్చుకున్నాను.

నా ఉద్యోగం ప్రోగ్రాములు వ్రాయడం. మా వంశవృక్షం, పాత ఫోటోల వివరాలు అన్నీ గిట్ పద్ధతిలో ఒక రిపాజిటరీగా దాచాను. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ గిట్, మనం కమిట్ చేసిన ప్రతి మార్పునూ గుర్తుంచుకుంటుంది. అందులో ఒక భాగం మా అవ్వది. అరవదేశంలోనే పుట్టి పెరిగిన ఆమె మాటలను, సామెతలను, ఊరగాయల పాళ్లను అడిగి అడిగి వ్రాసేవాణ్ణి. బెంగుళూరులో ఉన్న మా పిన్ని కూతురు ఆ మాటల పుస్తకం ఒక్కటే కావాలన్నది. అందుకని దానిని వేరే రిపాజిటరీ చేసి, పెద్దదానిలో సబ్‌మాడ్యూల్‌గా పెట్టాను.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. పెద్ద రిపాజిటరీ లోపలిదాని వ్రాతలను తనలో దాచుకోదు. అది దొరికే చిరునామా, అందులో ఏ కమిట్ చూడాలో చెప్పే 40 అక్షరాల గుర్తు, ఈ రెండే వ్రాసుకుంటుంది. అచ్చంగా తాతగారి ఆవర్జాయే!

అవ్వ మంచం పట్టిన చివరి మూడు నెలలూ ప్రతి సాయంకాలం పక్కన కూర్చుని వ్రాశాను. లోపల కమిట్ చేసి, బయట గుర్తు మార్చి, బయటిదాన్ని సర్వరుకు పంపేవాణ్ణి. లోపలిదాన్ని పంపడం మరచాను. బయటిదాన్ని పంపితే లోపలిది దానంతటది వెళ్లదు. గిట్ కూడా అడ్డు చెప్పలేదు.

అవ్వ పోయిన నెలకు నా కంప్యూటరు డిస్కు పాడైంది. నేను బెదరలేదు. కొత్త యంత్రంలోకి అన్నీ దింపాను. వంశవృక్షం వచ్చింది, ఫోటోల వివరాలు వచ్చాయి. అవ్వ ఫోల్డరు ఖాళీ! సబ్‌మాడ్యూళ్లతో సహా తెమ్మని మళ్లీ అడిగాను. ఆ గుర్తుగల కమిట్ సర్వరులో లేదని జవాబు వచ్చింది. సంక్రాంతి దాకా వ్రాసినవే మిగిలాయి.

బెంగుళూరుకు ఫోను చేశాను.

"నీ దగ్గరేమైనా ఉన్నదేమో చూడమ్మా."

"సంక్రాంతి వరకే ఉంది అన్నయ్యా." కాసేపు ఊరుకుని, "నీకు జ్ఞాపకమున్నవి ఇప్పుడే చెప్పు, నేను వ్రాసుకుంటాను" అన్నది.

ఆ రాత్రి ఇద్దరం కలిసి 53 మాటలు పోగుచేశాము. పోయినవి ఎన్నో చెప్పలేను.

మన ఇళ్లలో ఈ పనిచేసే పిల్లలు ఎందరో ఉన్నారు. వారికి నా మనవి ఇది. ముందు లోపలిది పంపండి, తరువాత బయటిది. గిట్ పుష్‌కు "రికర్స్ సబ్‌మాడ్యూల్స్" దగ్గర "చెక్" అని పెడితే, లోపలి కమిట్ సర్వరుకు చేరనిదే బయటిదాన్ని కదలనివ్వదు. "ఆన్ డిమాండ్" అంటే లోపలిదాన్ని కూడా తానే పంపుతుంది. అప్పుడప్పుడు మరో యంత్రంలోకి అన్నీ దింపి చూడండి.

ఇక మీ ఇంట అవ్వలుంటే, వారి మాటలు వ్రాసుకోండి. వ్రాసుకున్న చిన్న పుస్తకం ఎక్కడున్నదో ఈ రాత్రే ఒకసారి తెరచి చూసుకోండి.