స్వతంత్ర పార్టీ, మన 1/70

కొత్త మితవాద పార్టీ ఎలా పుడుతుందని మా హాస్టల్లో వాదన. భూమి పోతుందనే భయంలోంచి పుడుతుందంటాను నేను.

1959లో నాగపూర్ మహాసభలో కాంగ్రెస్ సహకార వ్యవసాయం కావాలని తీర్మానించింది. భూములున్న రైతులు బెదిరారు. ఆ ఏడాదే రాజాజీ స్వతంత్ర పార్టీ పెడితే, అధ్యక్షుడు మన నిడుబ్రోలు రంగాగారు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు!

ఆ పార్టీ పేరు మా నాన్నకి తెలీదు గానీ ఆ భయం బాగా తెలుసు. భూమి, ఆచారం, గూడెం పెద్దల మాట నిలవాలనే కదా మనమూ అడిగేది.

చిక్కల్లా ఒకటే. వాళ్ల లెక్కలో ఆస్తి హక్కు అంటే ఎవరికైనా అమ్ముకునే స్వేచ్ఛ కూడా. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది 1/70. అది లేకుంటే మా మూడెకరాలు ఎప్పుడో అప్పు కింద పోయేవి. అలాంటి పార్టీ మళ్లీ వస్తే, 1/70 ఉంచుతారా లేదా అని ముందు అడుగుతా.