తాత దుడ్డుకఱ్ఱ

మా యింటి నడవలో దూలమునకు ఒక దుడ్డుకఱ్ఱ కట్టబడి యున్నది. మా మఠంపల్లి ప్రాంతమున దానిని గుతప యందురు. అది మా తాతది. యౌవనమున ఆయన ఒక దొర గడికి కావలివాడుగా నుండెనని విని, బాల్యమున నేను మిగుల గర్వపడుచుంటిని. తోడి బాలురను పిలిచి ఆ కఱ్ఱను చూపుచుంటిని.

నేను ఎనిమిదవ తరగతిలో నుండగా మా చరిత్రోపాధ్యాయులు మధ్యయుగపు ఐరోపాలో కూలికి పోరాడిన సైనికులను గూర్చి బోధించిరి. జాన్ హాక్‌వుడ్ అను ఆంగ్లేయుడు ఇటలీలో దండు నడపుచు, కొన్నాళ్ళు పీసా నగరమునకును, కొన్నాళ్ళు పోపుగారికిని, కొన్నాళ్ళు మిలాను ప్రభువులకును, తుదకు ఫ్లారెన్సునకును తన కత్తి నమ్ముకొనెను. 1377లో చెసేనా పట్టణమున వేలకొలది పౌరులను వధించిన సేనలో ఆతని దండును గలదు. అయినను 1394లో అతడు మరణింపగా ఫ్లారెన్సువారు ఘనముగ అంత్యక్రియలు జరిపిరి. 1436లో తమ ప్రధాన దేవాలయపు గోడమీద ఆతని అశ్వారూఢ చిత్రమును వ్రాయించిరి.

ఆ సాయంకాలము, "తాతా, నీవును కూలికి కొట్టితివా?" యని యడిగితిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిదప చెప్పెను. వెట్టికి రానన్న యొక వృద్ధుని కొట్టుమని దొర ఆజ్ఞాపించెనట. ఆ వృద్ధుడే తాతకు చిన్ననాట ఈత నేర్పినవాడు. తాత ఒక దెబ్బ కొట్టెను. రెండవ దెబ్బకు చేయి లేవలేదు. ఆ రాత్రియే కొలువు విడిచి యింటికివచ్చి, కఱ్ఱను దూలమునకు కట్టివేసెను. మఱునాడు పోయి వృద్ధుని కాళ్ళమీద పడగా, అతడు కుంటుకొనుచు లోనికేగి మంచినీళ్ళు తెచ్చి యిచ్చెనట.

"దొర ఉప్పు తిన్న మాట నిజమే బిడ్డా. గని చెయ్యి అమ్మిన, మనసు అమ్మలే. ఆ సంగతి ఒక దెబ్బ కొట్టినంక ఎరికైంది," అనెను.

నాటినుండి నేను కఱ్ఱను ఎవరికిని చూపలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దేశముఖు మనుషుల తుపాకిగుండునకు కూలెనని చదివినపుడెల్ల, ఆ తుపాకి పట్టినవాడును ఎవరి యుప్పునో తిన్నవాడే కదా యని తోచును.

అట్లని జీతమునకు ఆయుధము పట్టిన వారెల్లరు నీచులు కారు. 1527 మే 6న రోము నగరము దోపిడిపాలైనపుడు, పోపు ఏడవ క్లెమెంటుగారి స్విస్ అంగరక్షకులు 189 మందిలో 147 మంది ఆయనను కాపాడుటకై ప్రాణములు విడిచిరి. అంతదూర మేల? మన నకిరేకల్లు చెంతనున్న చందుపట్లలో 1289 నాటి శాసన మొకటి గలదు. కాకతి రుద్రమదేవియు, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడును మరణింపగా, వారి పుణ్యమునకై ఆ నాయకుని భటుడు పువ్వుల ముమ్మడి సోమనాథదేవునికి భూమి నర్పించి దానిని వేయించెను. రాణి మరణవత్సరమును లోకము ఆ భటుని శిలవలననే యెఱిగినది. జీతమిచ్చు చేయి పోయిన పిమ్మటను నిలిచిన విశ్వాస మది.

సోదర విద్యార్థులారా! రేపు మనమును ఎవరి కొలువుననో చేరెదము. ఆయుధము పట్టకపోవచ్చును, కాని ఆజ్ఞలు వచ్చును. జీతము పుచ్చుకొనుట దోషము కాదు. ఆపదలో నున్నవాని ముందు నిలుచుటకు మన చేతిని అమ్మవచ్చును. దిక్కులేనివానిపై ఎత్తుటకు అమ్మరాదు. ఈ భేదమును మా తాత ఒక దెబ్బ కొట్టి నేర్చుకొనెను. మనము ఆ దెబ్బయు కొట్టకుండనే నేర్చుకొందము గాక.

తాత గతించెను. కఱ్ఱ దూలమునకే యున్నది. మా పిల్లలు దానినిగూర్చి అడిగినపుడు, ఇది వీరుని కఱ్ఱ యని నేను చెప్పను. జరిగినది జరిగినట్లు చెప్పుదును.