నన్నయ ఊళ్లో అనువాదం ముచ్చట

రాజమండ్రి అనగానే పుష్కరఘాట్, రోడ్డు కమ్ రైలు వంతెన, చల్లటి రోజ్‌మిల్క్ గుర్తొస్తాయి. 2015 నుంచి అధికారికంగా రాజమహేంద్రవరమైన ఈ ఊరికి మరో ప్రత్యేకతా ఉంది. ఇది అనువాదానికి పుట్టిల్లు!

పదకొండో శతాబ్దంలో రాజరాజనరేంద్రుడి కోరికపై నన్నయ మహాభారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఇక్కడే. అరణ్యపర్వం మధ్యలో ఆ రచన ఆగిపోయింది. పదమూడో శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో మిగిలిన భాగాన్ని ఆ తర్వాత ఎర్రన పూరించాడు. నన్నయ తన తర్వాతి ఇద్దరినీ చూడనే లేదు. అయినా పని పూర్తయింది.

ఈ ఊళ్లోనే పుట్టిన కందుకూరి వీరేశలింగం(1848-1919) సంఘసంస్కర్తగా అందరికీ తెలుసు. ఖగోళం, శరీరశాస్త్రం లాంటి విషయాల మీదా ఆయన తెలుగులో పుస్తకాలు రాశారు. సైన్సుని సొంతభాషలో చదవాలన్న కోరిక అంత పాతది.

ఊరి దిగువన ధవళేశ్వరం. 1847-52 మధ్య కాటన్ దొర ఆనకట్ట కట్టించిన చోటు. నీళ్లతోపాటు మాటలూ ఇక్కడ పారాయి. దక్షిణాది మాట నుంచి పుట్టిన ‘అనికట్’ ఇంగ్లీషు ఇంజినీర్ల పుస్తకాల్లోకి వెళ్తే, వాళ్ల ‘లాక్’ మన కాలవల మీద ‘లాకు’గా స్థిరపడింది. పడవవాళ్లు దానికి నిఘంటువు వెతకలేదు.

ఏ మాట ఉంచాలి, ఏది మార్చాలి... ఇదే ప్రశ్న ఇప్పుడు కంప్యూటర్ల దగ్గరికి వచ్చింది. ఆకాశాన్ని తెరమీద చూపే స్టెల్లారియం, పటాలు గీసే క్యూజీఐఎస్ లాంటి సైన్సు సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఎవరైనా తమ భాషలోకి మార్చుకోవచ్చు. మాటలన్నీ ఒక ఫైల్లో వరసగా ఉంటాయి. ఇంగ్లీషు వాక్యం, దాని కింద ఖాళీ. ఆ ఖాళీ నింపేది జీతం లేని వాలంటీర్లు.

వినడానికి తేలికే. కానీ ‘ఓపెన్’ని ఒకచోట ‘తెరువు’ అనీ మరోచోట ‘విప్పు’ అనీ రాస్తే వాడేవాళ్లు తికమకపడతారు. ‘ఒక నక్షత్రం ఉంది’, ‘రెండు నక్షత్రాలు ఉన్నాయి’... రెండు రూపాలూ విడిగా ఇవ్వాలి. కొత్త వెర్షన్లో ఇంగ్లీషు వాక్యం మారిందా, పాత అనువాదానికి ‘సరిచూడాలి’ అన్న గుర్తు పడుతుంది. ఎవరూ చూడకపోతే అక్కడ మళ్లీ ఇంగ్లీషే కనిపిస్తుంది.

జర్మనీలో ఇంగ్లీషు వచ్చినవాళ్లకి కొదవలేదు. అయినా అక్కడి వాలంటీర్లు ఈ సాఫ్ట్‌వేర్లను జర్మన్‌లోకి తెస్తూనే ఉన్నారు. బళ్లో నేర్చుకున్న మాట తెరమీదా కనిపిస్తే చదువు సులువవుతుందని వాళ్లకి తెలుసు. మన దగ్గరా ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలు తెలుగు లినక్స్ కోసం శ్రమించాయి. కోనసీమలో తెలుగు మీడియం చదివే పిల్లకి ‘గ్రహం’ తెలుసు, ‘నక్షత్రం’ తెలుసు. తెరమీద అవే మాటలు కనిపిస్తే ఆకాశం ఆమెకి పరాయిది కాదు.

ఈ పనికి పండితులే కానక్కర్లేదు. సైన్సు మాస్టారు, రిటైరైన ఇంజినీరు, డిగ్రీ చదివే అమ్మాయి... ఎవరైనా రోజుకో పది వాక్యాలు చేయొచ్చు. మధ్యలో ఆగినా ఫర్వాలేదు. అక్కడి నుంచి అందుకోవడానికి ఇంకొకరు వస్తారని నన్నయ ఊరు ఏనాడో చూపించింది.