ఇంటిపేరు లేనివాళ్ళు

ఇంటర్నేషనల్ సిటీలోని మా క్లినిక్కులో, షుగరు పరీక్షకు పిలవవలసినవారి జాబితా రోజూ తీసే పాత పెర్ల్ ప్రోగ్రాం ఉండేది. డాక్టరీ చాలదన్నట్టు దాన్ని పైథాన్‌లోకి తిరగరాశాను (1991లో పుట్టిన పైథానూ మరీ పసిది కాదు లెండి). 200 వరుసలు 60 అయ్యాయి. మా ఆవిడకు చూపించి మురిశాను కూడా!

మూడు నెలలకు నిజామాబాద్ మేస్త్రీ ఒకాయన తూలుతూ వచ్చాడు. షుగరు 420.

"ఈసారి ఫోన్ రాలే సార్. అక్కర్లేదేమో అనుకున్న."

ఆయన పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. అలాంటివారికి పేరునే ఇంటిపేరుగా తీసుకొమ్మని పాతదాంట్లో ఒక వరుస ఉండేది. దండగని నేనే కొట్టేశాను. 2022 నవంబరులో ఒంటిపేరు పాస్‌పోర్టులకు ఇక్కడ విజిట్ వీసాలు ఆపినప్పుడు, పేపరు చదివి అయ్యోపాపం అన్నవాణ్ణే!

ఆ రాత్రి వెతికితే అలాంటివారు 11 మంది. అందరికీ నేనే ఫోన్ చేశాను. ఇద్దరు ఎత్తలేదు.