ద్వీపానికి ఒక పగలు చాలు

హైదరాబాద్ అబిడ్స్‌కు సముద్రం లేదు కానీ పక్కనే నాంపల్లి స్టేషనుంది. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేలోపు సామర్లకోట, అక్కణ్నుంచి కాకినాడ, ఆపైన హోప్ ఐలాండ్‌కు పడవ. ఆ ద్వీపంలో ఒక పగలు గడిపి రావడమే మేలు, రాత్రి మకాం వద్దంటాను. సుమారు 16 కిలోమీటర్ల ఈ ఇసుకతిన్నె గోదావరి మేటలతో పుట్టింది. కాకినాడ రేవుకు అలల దెబ్బ కాచే గోడ అదే. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఒడ్డున దీపాలుంటే పిల్ల తాబేళ్లు సముద్రం వదిలి ఆ వెలుగు వైపే పాకుతాయి. రాత్రి మకాం కోసం రిసార్టులొస్తే మత్స్యకారులకు నాలుగు డబ్బులు దొరుకుతాయి కదా అనొచ్చు. నిజమే, కానీ పగటి ప్రయాణంలో ఆ డబ్బు పడవ నడిపే చేతికే నేరుగా అందుతుంది. గదుల అద్దె ఎవరి జేబులోకి పోతుందో వేరే చెప్పాలా? అటవీశాఖ అనుమతి సంగతి ముందే కనుక్కుని బయల్దేరండి.